పొయ్యి ముట్టించని ఇల్లు

తెల్లవారుజామున తుంగభద్ర వైపు నుంచి మబ్బులు వచ్చాయి. నల్లటివే, నిండుగా ఉన్నవే. పొద్దు పొడిచేసరికి సుద్దవంకపల్లె నెత్తిన గొడుగు పట్టినట్లు నిలబడ్డాయి. ఏదో మరిచిపోయి వచ్చిన వాళ్ళలాగా కాసేపు అటూ ఇటూ తచ్చాడి, ఒక్క చినుకైనా రాల్చకుండా తూర్పుకు సాగిపోయాయి. ఆరుద్ర కార్తె వెళ్ళిపోతూ ఉంది. విత్తనానికి వేరుశనగ బుడ్డలు ఒలిచి పెట్టుకున్నవాళ్ళు అరుగుల మీద నిలబడి ఆ మబ్బుల వెంబడి చూపులు పంపి, మళ్ళీ తెచ్చుకున్నారు.

ఆ మబ్బుల కిందనే నర్సు దీవెన కోడుమూరు నుంచి స్కూటీ మీద వస్తూ ఉంది. వానకు తడుస్తానన్న దిగులు ఆమెకు లేదు. మొన్న వచ్చినప్పుడు ఓబుళేశు అడిగిన మాటే బుర్రలో తిరుగుతూ ఉంది.

ఆ మాట దగ్గరే పోయిన వారం మనం ఆగిపోయాం. ఓబుళేశుకు గొంతు కింద, అన్నం దిగే గొట్టంలో పుండు. కర్నూలు డాక్టర్లు చేయగలిగింది చేసి, ఇక ఇంటికి తీసుకుపోయి బాగా చూసుకోమన్నారు. బాగా చూసుకోవడమంటే ఏమిటో ఇంటివాళ్ళకు నేర్పడం, నొప్పి మందు ఎక్కువ తక్కువలు చూడడం దీవెన పని. అట్లాంటి ఇళ్ళు ఆమెకు చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఉన్నాయి. మొదటిసారి వచ్చిన పొద్దే ఓబుళేశు కొడుకు నరసింహ ఆమెను వాకిట్లో ఆపాడు.

"మా నాయనకు సంగతి తెలీగూడదు సిస్టరు. తెలిస్తే గుండె పగిలి ఆ పొద్దే పోతాడు."

"నేనుగా చెప్పనన్నా. ఆయన అడిగితే మాత్రం అబద్ధం చెప్పను" అంది దీవెన.

ముందు మాట నరసింహకు నచ్చింది. వెనక మాట వినపడనట్లు ఊరుకున్నాడు.

ఇక మొన్నటి సంగతి. ఆమె సంచి సర్దుకుని లేస్తుంటే ఓబుళేశు మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టులో బలం లేదు గానీ, విడిచే ఉద్దేశం కూడా లేదు. "పాపా, ఈ ఇంట్లో పొయ్యి మల్లా ఎప్పుడు ముట్టిస్తారు?" అన్నాడు.

ఆకలి పుట్టిందేమోనని దీవెన సంబరపడింది. దారిలో బండి ఆపి, తనకు ఈ పని నేర్పిన పెద్ద నర్సు ప్రేమజ్యోతికి ఫోను చేసి మరీ చెప్పింది. అవతల ప్రేమజ్యోతి మాత్రం సంబరపడలేదు.

"నీళ్ళే దిగని మనిషి అన్నం అడగడు దీవెనా. ఆయప్ప అడిగింది ఇంకేదో. పోయి మళ్ళీ అడుగు" అంది.

పొయ్యి ఎందుకు ఆరిందో దీవెనకు తెలియక కాదు. ఆపించింది ఆమే. తిరగమాత వాసన తగిలితే చాలు, ఓబుళేశు పేగులు నోట్లోకి వచ్చినంత పని అయ్యేది. కొన్నాళ్ళు వంట వేరే చోట చేసుకోమని ఆమె చెప్పింది. కోడలు సుప్రజ గోడ అవతల చిన్నత్తను అడిగింది. ఆ చిన్నత్త ఓబుళేశు తమ్ముడు చిన్న ఈరన్న పెళ్ళాం. బోరు నీళ్ళ దగ్గర మాటా మాటా పెరిగి అన్నదమ్ముల ఇళ్ళ మధ్య ఆ గోడ లేచింది. మగవాళ్ళకు అప్పటి నుంచి మాటల్లేవు. ఆడవాళ్ళు మాత్రం గోడకు ఒక సందు ఉంచుకున్నారు, పెరుగు తోడుకు, చింతపండుకు, కడుపులో మాటకు. ఇప్పుడు వంటంతా అవతలే. ఇంట్లో గ్యాసు కూడా వెలగడం లేదు. టీ నీళ్ళు సైతం ఆ సందులో నుంచే వస్తున్నాయి.

* * *

ఓబుళేశుది పాతకాలపు బండలమిద్దె. ముందు పడసాల, దాని వెనక వంటిల్లు. వంటింటి కప్పులో పొగ పోవడానికి గవాచి. పడసాలలో మంచం మీద పడుకుంటే వంటింటి వాకిలీ, ఆ గవాచిలో నుంచి పొయ్యి మీద పడే వెలుతురూ కనిపిస్తాయి.

దీవెన చెప్పులు విడిచి లోపలికి వచ్చేసరికి ఓబుళేశు భార్య కృష్ణవేణమ్మ మొగుని తల కింద చెయ్యి పెట్టి, చెంచాతో రాగి గంజి నోటికి అందిస్తూ ఉంది.

"ఒగ్గుక్క. నా మీద ఒట్టు, ఒగ్గుక్క."

ఆయన నోరు తెరిచాడు. ఆకలితో తెరవలేదు, ఆమె కోసం తెరిచాడు. గంజి లోపలికి పోయినట్లే పోయి తిరగబడింది. దగ్గు అందుకుంది. కళ్ళు పైకి తేలాయి. దీవెన గబగబా వచ్చి ఆయన్ను పక్కకు తిప్పి, నోట్లోది గుడ్డతో తీసి, వీపు నిమురుతూ కూర్చుంది. దగ్గు ఒక్కొక్క మెట్టే దిగి, చివరికి గురకలాంటి ఊపిరిలో కలిసిపోయింది.

కృష్ణవేణమ్మ గిన్నె పట్టుకుని గోడకు ఆనుకుంది. దీవెన ఆమెను వాకిలి దాకా తీసుకుపోయింది.

"పెద్దమ్మా, బలవంతంగా పొయ్యొద్దు. ఊపిరి గొట్టంలోకి పోతాది."

"తినకుంటే మనిషి ఎట్ల బతుకుతాడమ్మా?"

"తినక నీరసపడ్తాండాడని నువ్వనుకుంటాండావు. అట్ల గాదు. ఒళ్ళు పని చాలిస్తాంది. చాలించే ఒళ్ళు కూడు అడగదు. నువ్వు పెట్టక వచ్చిన లోటు గాదిది."

కృష్ణవేణమ్మ గిన్నెలోకి చూసింది.

"అట్లయితే నా చేతికి ఇంగ పనేముండాది?"

దీనికి దీవెన చదువుకున్న చదువులో జవాబు ఉంది గానీ, అది చెప్పే మాట కాదు, చూపించే పని. మెత్తటి గుడ్డ ముక్కను చల్లటి నీళ్ళలో ముంచి పిండి, ఆమె చేతిలో పెట్టింది. "పెదాలు, నాలిక తుడుస్తా ఉండు. ఆరిపోకుండా చూడు. నేను చేసేదానికన్నా నీ చెయ్యి ఆయనకు హాయి."

ఆ చేతి గాజులు మోచేతి దాకా జారిపోయి ఉన్నాయి. దీవెన వాటిని చూసింది.

"నువ్వు తింటాండావా పెద్దమ్మా?"

"తింటాండా."

కసువు ఊడుస్తున్న సుప్రజ చీపురు ఆపకుండానే అంది, "మా అత్త మూడు పూటలా అబద్ధాలు తింటాంది సిస్టరు. కడుపు నిండా తింటాంది."

"నోరు ముయ్యే" అంది కృష్ణవేణమ్మ. "ఆయన నోరు కట్టుకోని పండుకుంటే, నేను గోడవతల కూర్చోని ముద్దలు మింగల్లా?"

* * *

కృష్ణవేణమ్మ వేడినీళ్ళకని సందులో నుంచి అవతలికి పోయింది. సుప్రజ ఎనుముకు మేత వేయడానికి పోయింది. దీవెన మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, దూదితో ఆయన నోరు శుభ్రం చేస్తూ ఉంది. ఓబుళేశు కళ్ళు తెరిచాడు.

"పొద్దున మబ్బు చేసినట్లుండెనే. కురిసిందా?"

"లేదు పెదనాయనా. చూసి పోయింది."

"మా చుట్టాల మాదిరే."

దీవెన నవ్వింది. నవ్వుతూనే అడిగింది, "మొన్న పొయ్యి సంగతి అడిగితివే. ఏమన్నా తినబుద్ధి అయితాందా?"

ఓబుళేశు ఆమెను బడి ఎగ్గొట్టిన పిల్లను చూసినట్లు చూశాడు.

"మీ ఇండ్లల్లో మనిషి పోతే పొయ్యి ముట్టిస్తారా?"

"ముట్టియ్యరు. మట్టి చేసి వచ్చేదాకా పక్కింటోళ్ళే తెస్తారు."

"మాకూ అంతే. అన్నదమ్ముల వరస పాలోళ్ళు తెస్తారు. గంపలో పెట్టి, పైన గుడ్డ కప్పి." ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "మొన్న ఈ కిటికీలో నుంచి చూస్తి. ఈరడు గోడ సందులో గంప దించి పోతాండాడు. పైన గుడ్డ కప్పినాడు. ఇన్నేండ్లు నా వాకిలి తొక్కనోడు నా ఇంటికి కూడు మోస్తాండాడు. ఎందుకు మోస్తాడు, నువ్వే సెప్పు."

దీవెన దూది పక్కన పెట్టేసింది.

వాసన రాకూడదని ఆమె ఒక మాట చెప్పింది. మంచి మాటే. ఆ మాట ఈ ఇంట్లో నడిచి నడిచి, చావు వాకిట్లోకి పోయి నిలబడింది. సావింట్లోనే గదా పొయ్యి ఆరేది. బతికున్న మనిషి పడుకుని చూస్తూ ఉండగా, పీనుగున్న ఇంటి నడత నడిపించింది తాను. తన ఇంట్లోనూ ఆ నడతే ఉంది. అయినా తట్టలేదు.

"పెదనాయనా, పొయ్యి ఆపమన్నది నేను. వాసనకు నీకు వాంతులయితాండెనని."

"నువ్వా?"

"నేనే."

ఆయన ఆలోచించాడు. "అట్లయితే నేనింగా పోలేదన్న మాట" అని నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక కళ్ళు తుడుచుకుని, గవాచి వైపు చూపు తిప్పాడు.

"దాని దిక్కే చూస్తా పండుకుంటాండా పాపా. పొగ లేదు. గిన్నె సప్పుడు లేదు. కోడలు పిల్లిని తిట్టే సప్పుడు గూడా లేదు. అందరూ కాళ్ళు ఎత్తి ఎత్తి నడుస్తాండారు. వాంతిదేముంది, అయితే అయితాది, తుడిస్తే పోతాది. పానం ఉండంగనే ఇట్ల పండబెట్టినారే, ఇది నాకొద్దు."

ఆయన ఇంకా ఏదో చెప్పబోతున్నాడని తెలిసి దీవెన పీట దగ్గరికి జరుపుకుంది.

"నేను పోతాండానని నాకు తెలుసులే. ఒళ్ళు సెప్తాంది. కాదంటావా?"

ఇది అడగడమే. నరసింహకు నచ్చని ఆ వెనక మాట ఇప్పుడు ఎదురుగా వచ్చి కూర్చుంది.

"కాదనను పెదనాయనా."

ఓబుళేశు తల ఊపాడు. ధాన్యం రేటు విన్నవాడిలాగా ఊపాడు, తాను అనుకున్నదే అయినట్లు. కాసేపటికి గొంతు తగ్గించాడు.

"వేణమ్మకు మాత్రం సెప్పొద్దు. ఆయమ్మ తట్టుకోలేదు. నేను తెలీనట్లే ఉండా."

"దాచే పని నాకియ్యొద్దు పెదనాయనా. నా చేత కాదు. ఆ మాటేదో నువ్వూ ఆయమ్మే చూసుకోండి."

"నరసింహడు గూడా ఇదే పని ఇచ్చినాడా నీకు?" దీవెన మాట్లాడకపోవడం చూసి ఆయన పెదవి కొంచెం వంకర పోయింది. "వాడు బుడ్డల బేరంలోనే దాయలేడు, ఇది దాస్తాడా? నన్ను చూసినప్పుడల్లా మొకం గోడకు తిప్పుతాడు. సున్నం ఎట్లుండాదో చూస్తాండాడేమో అనుకుంటి మొదట్లో."

* * *

నరసింహ చేని నుంచి డ్రిప్పు పైపుల చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. వెనక దొడ్లో ఎనుము దగ్గర దీవెన అతన్ని ఆపింది.

"అన్నా, ఇంగ వంట ఈడనే చేసుకోండి."

"వాసన పడదని నువ్వే గదా ఆపిస్తివి."

"నాదే తప్పు. ఆయన దాన్ని ఇంకో రకంగా అనుకున్నాడు." ఓబుళేశు చెప్పిందంతా ఆమె అతనికి చెప్పింది. గంప సంగతి, గుడ్డ సంగతి, గవాచి సంగతి. నరసింహ వింటూ పైపుల చుట్ట దించాడు. దించినవాడు నడుము ఎత్తకుండా కొంచేపు అట్లాగే ఉండిపోయాడు.

"నువ్వు సెప్పినావు మా నాయనకు."

"ఆయన అడిగినాడు. నేను కాదనలేదు. అంతకు ముందే ఆయనకు తెలుసన్నా. ఆరిన పొయ్యి చెప్పింది. నువ్వు గోడకు తిప్పే మొకం చెప్పింది."

నరసింహ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే దీవెనకు కొంచెం తేలికగా ఉండేది.

"మందు బిళ్ళలు ఎట్ల ఇయ్యల్లో సుప్రజకు చూపించి పో సిస్టరు. ఇంగ నువ్వు రావద్దు."

"నన్ను వద్దంటే ఇంకొకరిని పంపుతారు. నాకేం కాదు. నొప్పి మందు మాత్రం ఒక్క పూట గూడా తప్పించొద్దు. నా మీద కోపం దాని మీద చూపియ్యొద్దు."

ఆమె సంచి భుజాన వేసుకుంది. అతను దారి ఇవ్వలేదు, అడ్డమూ నిలబడలేదు. ఎనుము మెడ మీద చెయ్యి వేసి, దానితో చెప్తున్నట్లు చెప్పాడు.

"మా జేజినాయనకు, మా నాయన వాళ్ళ నాయనకు, ఇట్లనే ఎవరో సెప్పినారు. సెప్పిన పొద్దే గోడ దిక్కు తిరిగి పండుకున్నాడు. మల్లా ఇటు తిరగలేదు. నేను సిన్నోన్ని, కాళ్ళకాడ కూర్చోనుంటి. వీపు తప్ప ఏం జూడలేదు." ఎనుము మెడ మీద నుంచి చెయ్యి తీశాడు. "నాకు మా నాయన ఇంగ కొన్నాళ్ళు కావల్ల. ఇంకేం లేదు."

దీవెనకు అతని మీద ఉన్న కోపం ఎక్కడో జారిపోయింది.

"మీ నాయన గోడ దిక్కు తిరగలేదన్నా. వంటింటి దిక్కు చూస్తాండాడు."

అప్పుడు వాళ్ళ వెనక ఫెళ్ళున కట్టె విరిగిన చప్పుడైంది.

కృష్ణవేణమ్మ. వేడినీళ్ళ బిందె గోడ సందు దగ్గరే దించి, వామి నుంచి కందికట్టె లాగి మోకాలికి ఆనించి విరుస్తూ ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో ఎవరూ చూడలేదు. విరిచిన కట్టె చంకలో పెట్టుకుని ఇంకొంచెం లాగింది.

"అమ్మా, ఏం జేస్తాండావు?"

"పొయ్యి ముట్టిస్తాండా."

"నాయనకు వాసన పడదు గదా."

"మీ నాయనకు తెలుసంట. నాకు ఆసుపత్రిలోనే తెలుసు, ఆ డాక్టరు నీ భుజం మీద చెయ్యేసినప్పుడే. నీకు తెలుసు. గోడవతల ఈరనికి తెలుసు. ఇంగ ఎవరికి దాస్తాండామురా? ఈ ఎనుముకా?"

నరసింహ పక్కకు జరిగాడు. ఆమె కట్టెతో లోపలికి పోయింది.

* * *

తరువాత కొంచేపు దీవెనకు చేతి నిండా పని. వాంతి ఆగే మాత్ర నలిపి, తడి వేలితో ఓబుళేశు నాలిక కింద పెట్టింది. వీధి వాకిలి నుంచి గాలి ఆయన మీదుగా వంటింటి వైపు పోయేట్లు, నరసింహ చేత మంచం జరిపించింది. అతను మాట్లాడకుండానే జరిపాడు. సుప్రజకు చెప్పింది, "తిరగమాత వద్దు. ఉల్లిగడ్డ వేయించొద్దు. ఉత్త అన్నం, పప్పు. ఆవిరి వాసనకు ఆయన ఓర్చుకుంటాడో లేదో చూద్దాం. ఓర్చుకోకుంటే ఆర్పేద్దాం."

ఓర్చుకుంటాడని ఆమెకు నమ్మకం లేదు. ఒకసారి తప్పు చెప్పిన నోరు. రెండోసారి కూడా తప్పయితే ఈ గడప తొక్కే మొహం తనకు ఉండదు.

కందికట్టె చిటపటలాడింది. పొగ మొదట పొయ్యి చుట్టూ తిరిగి, దోవ మరిచిపోయినట్లు తడబడి, తరువాత గవాచి వెలుతురులోకి నీలంగా లేచింది. ఎసరు కాగింది. కొర్రలు పడ్డాయి. ఉడుకు వాసన మెల్లగా పడసాలలోకి వచ్చింది.

ఓబుళేశు గొంతు కదిలింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. దీవెన వాంతి గిన్నె చేతిలోకి తీసుకుంది. నరసింహ మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు. వంటింట్లో సుప్రజ గరిటె ఆపేసింది.

ఆ గొంతు ఇంకోసారి కదిలి, నిమ్మళించింది.

"కొర్రలా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"కొర్రలే మామా" అంది సుప్రజ లోపలి నుంచి.

"మాడబెడతావు. మంట తగ్గించు."

వెంటనే వంటింట్లో సుప్రజ పిల్లిని తిట్టడం వినిపించింది. పిల్లి అక్కడ ఉందో లేదో తెలియదు. చాలా గట్టిగా తిట్టింది.

కృష్ణవేణమ్మ బూడిద చేతులతోనే వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. ఆ మంచం మీద పగటి పూట ఆమె ఎప్పుడూ కూర్చోలేదు.

"పొయ్యి ముట్టిచ్చినావా?" అన్నాడు ఓబుళేశు.

"ముట్టిచ్చినా."

"ఎవరి కోసరం?"

"మన కోసరం." తడిగుడ్డ అందుకుని ఆయన పెదాలు తుడిచింది. "నువ్వు పోతావంటనే."

"పోతా మరి."

"నాకు తెలీదనుకుంటివా?"

"తట్టుకోలేవనుకుంటి."

"నేను తట్టుకోలేనిదేముండాది? నీతో ఇన్నేండ్లు కాపురం చేస్తి." గుడ్డ మళ్ళీ తడిపింది. పిండుతూ అంది, "నువ్వు పోయిన పొద్దు ఆరిపిస్తాం. అందాకా ఈ ఇంట్లో పొయ్యి ఆరదు. వాంతులయితే కానీ. నేను తుడుస్తా."

ఓబుళేశు ఆమె బూడిద చేతిని తన గుండె మీద పెట్టుకున్నాడు. బనీను మీద నల్లగా వేళ్ళ అచ్చు పడింది. నరసింహ మొహం గోడకు తిప్పబోయి, తిప్పలేదు. తండ్రిని చూస్తూ నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"నరసింహా" అన్నాడు ఓబుళేశు. "మీ సిన్నాయనను పిల్చుకరా. గోడ సందులో నుంచి గాదు, వీధి వాకిట్లో నుంచి."

* * *

చిన్న ఈరన్న వచ్చి గడప అవతల ఆగిపోయాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. అన్నను చివరిసారి దగ్గరగా చూసినప్పటికీ ఇప్పటికీ మధ్య ఒక మనిషి బరువు తరిగిపోయి ఉంది. చూసి, చూపు నేల వైపు దించుకున్నాడు.

"ఏమప్పా" అన్నాడు ఓబుళేశు. "గంప మోసేటోనివి, కూర్చోని తినలేవా?"

ఈరన్న గడప దాటాడు.

సుప్రజ మంచం పక్కనే అన్నం తినే తట్టలు పరిచింది. దీవెన సంచి తీసుకుని లేచింది. ఇన్నాళ్ళూ ఆమెకు ఈ ఇంట్లో అందింది అరుగు మీద గ్లాసుతో నీళ్ళే. కృష్ణవేణమ్మ ఆమె చేతిలో నుంచి సంచి తీసి మూలకు పెట్టింది.

"నీకూ పెట్టినాం. కూర్చో."

దీవెన నరసింహ వైపు చూసింది. అతను ఆమె వైపు చూడకుండా తన తట్ట కొంచెం పక్కకు లాక్కుని చోటు చేశాడు. ఆమె కూర్చుంది. కొర్రన్నం పొగలు కక్కుతూ ఉంది. పప్పులో ఉప్పూ చింతపులుసూ తప్ప ఇంకేమీ లేదు. కృష్ణవేణమ్మ పప్పు మీది తేటలో గుడ్డ కొస ముంచి, మొగుని నాలికకు తాకించింది. ఆయన చప్పరించాడు.

"తిరగమాత లేదు" అన్నాడు.

"సిస్టరు వద్దంది" అంది సుప్రజ.

"తినండి. తిన్నాక ఒగ మాట సెప్పల్ల. ఈరనికీ, నరసింహకూ ఇద్దరికీ. నేను పోయేలోగా సెప్పల్సింది."

"ఏం మాట నాయనా? ఇప్పుడే సెప్పు."

"కూడు ముందర సెప్పే మాట గాదు. తిను."

ఈరన్న చెయ్యి కలిపిన ముద్ద మీదే ఆగిపోయింది. ఒక్కసారి వదినె వైపు చూశాడు. కృష్ణవేణమ్మ తల ఎత్తలేదు. ఆ మాట ఏదో ఆ ఇద్దరికీ తెలుసునని దీవెనకు అనిపించింది. తెలియనిది నరసింహకే.

తినడం మొదలుపెట్టారు. కృష్ణవేణమ్మ కూడా చిన్న ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలి మింగింది. ఆ తరువాత ఇంకొకటి. వేళ్ళు తట్టకు తగిలే చప్పుడు, ఓబుళేశు ఊపిరి చప్పుడు. అన్నం తగ్గుతూ వచ్చింది. నరసింహకు ఆకలి లేదు, అయినా మారుకు తట్ట చాచాడు. సుప్రజ పెట్టింది. ఈరన్న తట్టలో మిగిలిన మెతుకులను ఒక్కొక్కటిగా ఏరుకుని తింటున్నాడు. మంచం మీద నుంచి ఓబుళేశు అందరి చేతుల వైపూ చూస్తూ, తొందర లేని మనిషిలాగా ఎదురుచూస్తున్నాడు. ముందుగా లేచి చెయ్యి కడుక్కోవడానికి వాళ్ళలో ఎవరికీ కాళ్ళు రాలేదు.